గంజిపొడిని యాసిడ్‌తో పలుచబరచడం ఎలా? కార్న్‌ఫ్లోర్‌తో మొదలుపెట్టి మామిడి జీడి దాకా

మామిడి సీజన్ మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి కదా, వాటిలోని జీడి నుంచి స్టార్చ్ తీసి దేనికైనా పనికొచ్చేలా చేయొచ్చా అని. అడిగేవాళ్లలో తిరుపతి డిగ్రీ కాలేజీల్లో ప్రాజెక్టు చేసుకుంటున్న పిల్లలు ఎక్కువ. నారాయణవనం, పుత్తూరు, నగరి వైపు మగ్గాల ఇళ్లవాళ్లు అదే విషయాన్ని ఇంకోలా అడుగుతారు: గంజి పలుచగా ఉండాలి, నూలుకు మాత్రం గట్టిగా పట్టాలి, దారి ఏమన్నా ఉందా?

ఉంది. ఇద్దరికీ పనికొచ్చే పద్ధతి ఒక్కటే. స్టార్చ్‌ను చాలా పలుచని యాసిడ్‌లో, ఉడకనంత గోరువెచ్చగా, కొన్ని గంటలు నానబెట్టడం. అంతే.

మామూలు స్టార్చ్ కొంచెం ఎక్కువ వేసినా గంజి ముద్దలా చిక్కబడిపోతుంది. కారణం అందులోని పొడవాటి గ్లూకోజ్ గొలుసులు. యాసిడ్ ఆ గొలుసులను అక్కడక్కడా తెంపుతుంది. రేణువు మాత్రం పైకి చెక్కుచెదరదు. అలా మార్చిన పిండిని ఉడికిస్తే వేడిగా ఉన్నప్పుడు పలుచగా పారుతుంది, చల్లారితే గట్టిగా గడ్డకడుతుంది. పలుచగా ఉంటుంది కాబట్టి అదే నీళ్లలో రెండింతల పిండి పట్టించవచ్చు. నూలుకు పట్టు వచ్చేది అందుకే. జెల్లీ మిఠాయిల ఫ్యాక్టరీల్లో కూడా ఇదే రకం వాడతారు. ఆహార పదార్థాల జాబితాలో దీని నంబరు ఐ.ఎన్.ఎస్. 1401. ఇంతకు మించి సిద్ధాంతం ఇక్కడ అక్కర్లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. యాసిడ్ పని పూర్తయ్యేదాకా రేణువు ఉడకకూడదు. ఉడికిన అన్నాన్ని మళ్లీ బియ్యం చేయలేం. ఒకసారి జిగురుగా మారిన స్టార్చ్ కూడా అంతే. నేను చూసినంతలో పాడైన బ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే పాడయ్యాయి.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇది వంటింటి పని కాదు. కాలేజీ ల్యాబ్ ఉంటే అక్కడే చేయండి. లేకపోతే గాలి బాగా ఆడే చోట, పిల్లలు రాని చోట చేయండి. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా మూత తీస్తేనే ముక్కు మండే పొగ వస్తుంది. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్‌గానీ బ్లీచ్ ద్రావణంగానీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇలా తయారైన పొడి తినడానికి కాదు. ఆహారానికి వాడేదైతే శుద్ధి ప్రమాణాలు, లైసెన్సు వేరే ఉంటాయి. మీరు చేసే డబ్బా మీద “తినకూడదు” అని రాసి పెట్టండి. తెల్లగా ఉంటుంది, చూసినవాళ్లు కార్న్‌ఫ్లోర్ అనుకుంటారు.

కావాల్సినవి

- కార్న్‌ఫ్లోర్ 150 గ్రాములు. ప్యాకెట్‌లో దొరికే తెల్లటి కార్న్‌ఫ్లోర్ అసలు మొక్కజొన్న స్టార్చే. పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి కాదు, అందులో ప్రొటీన్, పీచు అన్నీ ఉంటాయి.
- ల్యాబ్ రకం గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ (సుమారు 35 శాతం) 6.5 మి.లీ.
- డిస్టిల్డ్ వాటర్ మూడు, నాలుగు లీటర్లు
- వంటసోడా సుమారు 10 గ్రాములు
- పీహెచ్ పేపర్ (యాసిడ్ ఎంత ఉందో రంగుతో చూపించేది), 110 డిగ్రీల దాకా చూపించే థర్మామీటర్
- గాజు బీకర్లు లేదా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలు రెండు, గాజు కడ్డీ
- సూది లేని 10 మి.లీ., 20 మి.లీ. సిరంజిలు
- టించర్ అయోడిన్, పలుచని నూలు గుడ్డ, డిజిటల్ తూకం

యాసిడ్ కొనేటప్పుడు ఐడీ కార్డు చూపించాలి, రిజిస్టర్‌లో వివరాలు రాయాలి. 2013లో సుప్రీంకోర్టు పెట్టిన నిబంధన అది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చవకగా వస్తుంది కదా అని తేకండి. అందులో ఇనుము మలినాలు, ఒక్కోసారి రంగు కూడా ఉంటాయి. మీ పొడి పసుపు తిరిగిపోతుంది.

స్టీలు గిన్నె, అల్యూమినియం గిన్నె రెండూ వద్దు. అల్యూమినియం యాసిడ్‌లో కరిగిపోతూ హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు మెల్లగా తినుకుపోతుంది, ఆ ఇనుము అంతా పిండిలోకి చేరుతుంది.

పిండి రకం గురించి ఇంకో మాట. సగ్గుబియ్యం మిక్సీలో వేసి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. సగ్గుబియ్యాన్ని తయారీలోనే తడి మీద వేడి చేస్తారు కాబట్టి అందులో పిండి అప్పటికే కొంత ఉడికిపోయి ఉంటుంది. కర్రపెండలం స్టార్చ్ పొడిగా దొరికితే భేషుగ్గా పనిచేస్తుంది. బియ్యప్పిండి, మైదా ఈ పనికి తీసుకోకండి. వాటిలో ప్రొటీన్ ఉంటుంది, కడిగేటప్పుడు అది జిగటగా మారి ప్రాణం తీస్తుంది.

తయారీ

1. మీ పిండి ఎక్కడ ఉడుకుతుందో ముందు తెలుసుకోండి. ఒక టీస్పూన్ పిండిని అర గ్లాసు నీళ్లలో కలిపి, థర్మామీటర్ పెట్టి, సన్నని సెగ మీద కలుపుతూ వేడి చేయండి. తెల్లని నీళ్లు మసక తగ్గి చిక్కబడటం మొదలైన ఉష్ణోగ్రత రాసుకోండి. కార్న్‌ఫ్లోర్‌కు సాధారణంగా 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉంటుంది, కర్రపెండలానికి కొంచెం తక్కువ. మీ పని అంతా ఆ అంకెకు కనీసం పది డిగ్రీలు కింద జరగాలి. కార్న్‌ఫ్లోర్‌కైతే 50 డిగ్రీలు అనుకోండి.

2. పలుచని యాసిడ్ కలపండి. బీకర్‌లో 143 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, అందులో 6.5 మి.లీ. గాఢ యాసిడ్‌ను సన్నని ధారగా కలుపుతూ పోయండి. సుమారు అర నార్మల్ గాఢత వస్తుంది. చల్లారనివ్వండి.

3. పిండి కలపండి. 100 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే అడుగున రాయిలా బిగుసుకుంటుంది.

4. జోడీ డబ్బా పెట్టండి. రెండో డబ్బాలో 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్, 75 మి.లీ. మామూలు డిస్టిల్డ్ వాటర్. యాసిడ్ వేయకండి. ఇది పోల్చి చూడటానికి. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, తర్వాత “పలుచబడిందో లేదో తెలియట్లేదు సార్” అని వచ్చేది కూడా వాళ్లే. దేనితో పోల్చాలో లేకుండా పలుచన ఎలా తెలుస్తుంది?

5. 50 డిగ్రీల్లో ఉంచండి. ల్యాబ్‌లో వాటర్ బాత్ ఉంటే సరే. లేకపోతే పెద్ద పాత్రలో వేడినీళ్లు పోసి, రెండు డబ్బాలనూ అందులో నిలబెట్టి, బయటి నీళ్లు 52, 53 డిగ్రీల దగ్గర ఉండేలా అప్పుడప్పుడూ వేడినీళ్లు మార్చండి. పావుగంటకోసారి రెండింటినీ కలపాలి. రైస్ కుక్కర్‌లో వార్మ్ మోడ్ మీద పెట్టకండి. ఆ వేడి చాలాసార్లు 65 డిగ్రీలు దాటుతుంది, తెల్లారేసరికి డబ్బా నిండా జిగురే మిగులుతుంది.

   ప్రత్యామ్నాయం: వేడి చేసే ఏర్పాటు లేకపోతే రోహిణి కార్తె ఎండలే చాలు. తిరుపతిలో ఆ రోజుల్లో గదిలోనే 36 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. మూత పెట్టి, రెండు మూడు గంటలకోసారి కలుపుతూ ఉంచండి. పది డిగ్రీలు తగ్గితే పట్టే సమయం రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది కాబట్టి 50 డిగ్రీల్లో సుమారు ఆరు గంటలు పట్టే పనికి ఒక పగలు, ఒక రాత్రి పడుతుందని లెక్క వేసుకోండి. 1886లో లింట్నర్ అనే రసాయనవేత్త వేడి లేకుండానే 7.5 శాతం యాసిడ్‌లో ఏడు రోజులు నానబెట్టి సోల్యుబుల్ స్టార్చ్ చేశాడు. మీ కాలేజీలో అయోడిన్ టైట్రేషన్లకు వాడే సోల్యుబుల్ స్టార్చ్‌కు మూలం అదే.

6. రెండు గంటలకోసారి చూడండి. బాగా కలిపిన వెంటనే 10 మి.లీ. సిరంజితో యాసిడ్ డబ్బా నుంచి 10 మి.లీ. తీయండి. కలిపి ఆగితే పిండి కిందికి దిగిపోతుంది, మీకు నీళ్లే వస్తాయి. తీసినదాన్ని గాజు గ్లాసులో వేసి, 0.3 గ్రాముల వంటసోడా వేసి, పొంగు తగ్గాక నీళ్లతో 100 మి.లీ. చేయండి. పీహెచ్ పేపర్ పెట్టి చూడండి, యాసిడ్ మిగలకూడదు. జోడీ డబ్బా నుంచి కూడా 10 మి.లీ. తీసి 100 మి.లీ. చేయండి, సోడా అక్కర్లేదు. రెండింటినీ కలుపుతూ మరిగించి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచండి.

   ఇప్పుడు 20 మి.లీ. సిరంజి కడ్డీ తీసేసి, మూతి వేలితో మూసి, 20 గీత దాకా వేడి గంజి పోయండి. గ్లవ్ ఉండాలి, చెయ్యి కాలుతుంది. వేలు తీసి, 5 గీత దాకా దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. రెండు గంజిలూ ఒకే వేడిలో ఉన్నప్పుడే చూడాలి. యాసిడ్ పెట్టిన గంజి దిగే సమయం మామూలు గంజి సమయంలో మూడోవంతు కన్నా తగ్గితే మగ్గం గంజికి సరిపోతుంది. చీరలకు పెట్టే గంజికి సగం అయినా చాలు. ఇంకా రాకపోతే ఇంకో రెండు గంటలు.

7. యాసిడ్‌ను చంపండి. అనుకున్న పలుచన రాగానే డబ్బా బయటికి తీసి, 6 గ్రాముల వంటసోడాను 100 మి.లీ. నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోయండి. బుసబుసా పొంగుతుంది, డబ్బా సగానికి మించి నిండి ఉంటే బయటికి పొర్లుతుంది. పీహెచ్ పేపర్ 5.5 నుంచి 6.5 మధ్య చూపిస్తే ఆపండి. తొందరపడి కాస్టిక్ సోడా వేయకండి. అది చల్లటి నీళ్లలోనే స్టార్చ్‌ను ఉడికించినట్టు జిగురు చేసేస్తుంది, గింజ పడ్డ చోటల్లా గట్టి ముద్దలు కడతాయి.

8. కడగండి. పొడవాటి గాజు సీసాలో పోసి కదపకుండా వదిలేస్తే పిండి కింద బిగుసుకుంటుంది. పైన తేరిన నీళ్లు వంపేసి, అర లీటరు కొత్త నీళ్లు పోసి బాగా కలిపి మళ్లీ తేర్చండి. మూడుసార్లు చేయండి. ఆఖరిసారి గుడ్డలో వడకట్టండి. తేర్చిన నీళ్లలో ఉప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, డ్రెయిన్‌లో పోయొచ్చు.

9. ఆరబెట్టండి. ప్లాస్టిక్ ట్రేలో పలుచగా పరిచి ఫ్యాన్ కింద ఉంచండి. 45 డిగ్రీలు దాటని ఎండైనా పరవాలేదు, పైన పలుచని గుడ్డ కప్పాలి, లేకపోతే దుమ్మంతా దానిలోనే. తడిగా ఉన్నప్పుడు వేడి ఓవెన్‌లో పెడితే గాజుపెంకుల్లా అట్టకడుతుంది. తర్వాత మిక్సీలో వేసినా ఇసుకలాగే ఉంటుంది. ఎండాక వేళ్ల మధ్య నలిపితే కిర్రుమనాలి. గంట తేడాతో రెండుసార్లు తూస్తే బరువు మారకూడదు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

*బరువు.* పరీక్షలకు తీసినది పోను మిగిలినదానిలో పదోవంతు కంటే చాలా ఎక్కువ పోయిందంటే రెండు కారణాలు. గుడ్డ కన్నాలు పెద్దవి కావచ్చు, యాసిడ్ మరీ ఎక్కువసేపు ఉండి పిండి నీళ్లలో కరిగిపోయి ఉండొచ్చు. తేర్చిన మొదటి నీళ్లలో అయోడిన్ చుక్క వేస్తే తెలుస్తుంది. ముదురు రంగు వచ్చిందంటే కరిగిందన్నమాట.

*చన్నీళ్ల పరీక్ష.* కొత్త పొడిని చన్నీళ్లలో కలిపితే అది కరగకూడదు, కొద్దిసేపటికి అడుక్కి చేరాలి. జిగురుగా అనిపిస్తే ఎక్కడో వేడి ఎక్కువైంది. ల్యాబ్‌లో పోలరైజింగ్ మైక్రోస్కోప్ ఉంటే ఇంకా నమ్మకంగా తేలుతుంది. ఉడకని ప్రతి రేణువులోనూ నల్లటి శిలువ గుర్తు కనిపిస్తుంది. ఉడికితే ఆ శిలువ మాయమైపోతుంది.

*అయోడిన్.* ఇక్కడ పిల్లలు ఎంత కంగారు పడతారో చెప్పలేను. “యాసిడ్ పెట్టాను కదా, ఇంకా నీలమే వస్తోంది, ఫెయిల్ అయ్యిందా?” అని. ఫెయిల్ కాలేదు. ఈ పద్ధతిలో గొలుసులు చిన్నవైనా నీలం ఇచ్చేంత పొడవుగానే ఉంటాయి, నీలమే రావాలి. ఊదా, ఎరుపు వైపు పోయిందంటేనే అతిగా తెగినట్టు. ఇంకో పొరపాటు: వేడి గంజిలో అయోడిన్ వేసి రంగు రాలేదని అనుకోవడం. వేడిలో ఆ నీలం నిలవదు. చల్లారాక వేయండి.

*ఉప్పు మిగిలిందా?* తేర్చిన ఆఖరి నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా మసకబారకూడదు. బోరు నీళ్లతో కడిగి ఈ పరీక్ష చేస్తే ఎన్నిసార్లు కడిగినా తెల్లగానే వస్తుంది, ఎందుకంటే ఆ క్లోరైడ్ బోరు నీళ్లలోనే ఉంది. కనీసం చివరి రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్ వాడండి, పక్కన ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కూడా ఒకసారి చేసి చూడండి.

*గడ్డ కట్టడం.* 10 గ్రాముల కొత్త పొడి, 100 మి.లీ. నీళ్లు మరిగించి చిన్న కప్పులో పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి కప్పు తిరగేస్తే తెల్లటి గట్టి గడ్డ ఆకారం చెడకుండా ఊడి రావాలి. మామూలు కార్న్‌ఫ్లోర్‌తో 10 శాతం గంజి అయితే వేడిగా ఉన్నప్పుడే పోయడానికి రాదు. తేడా అక్కడే తెలిసిపోతుంది.

పరీక్ష దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఆరో మెట్టులో సోడా వేయకుండా యాసిడ్‌తోనే ఉడికించి చూడటం. మరిగే నీళ్లలో యాసిడ్ నిమిషాల్లో గొలుసులను తెంపేస్తుంది. సిరంజిలోంచి నీళ్లలా జారిపోతుంది, “రెండు గంటలకే అయిపోయింది” అని సంబరపడి ఆపేస్తారు. కడిగి ఆరబెట్టి చూస్తే పిండి మారనే లేదు. సోడా వేసి, పీహెచ్ చూసి, ఆ తర్వాతే స్టవ్ వెలిగించండి.

ఇప్పుడు మామిడి జీడి సంగతి

కార్న్‌ఫ్లోర్‌తో ఒకసారి చేయి తిరిగాకే దీనికి రండి. యాసిడ్ భాగం అచ్చం అదే. కష్టమంతా జీడి నుంచి తెల్లటి స్టార్చ్ తీయడంలో ఉంది.

జీడి ఎండు బరువులో సుమారు సగం స్టార్చే. మిగతాదాంట్లో కొవ్వు ఉంటుంది, వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. పని పెట్టేవి ఆ టానిన్లే. కోసిన జీడిని గాలికి వదిలితే కళ్లముందే గోధుమరంగులోకి పోతుంది.

టెంకలు గుజ్జు తీసిన ఒకటి రెండు రోజుల్లోనే తీసుకోండి. గుట్టలో అడుగున వానకు తడిసినవి వద్దు. తడికి పులుస్తాయి, మొలకెత్తడం మొదలుపెడతాయి. మొలకెత్తే జీడి తన స్టార్చ్‌ను తానే చక్కెరగా మార్చుకుని తినేస్తుంది, మీకు పిండి తక్కువ వస్తుంది. టెంకలు కడిగి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెడితే పీచుపెంకు సులువుగా విడిపోతుంది.

1. టెంక అంచు వెంబడి చీల్చి జీడి తీయండి. పైనున్న గోధుమరంగు పలుచని పొర గీకేయాలి. ఓపిక పట్టి పూర్తిగా తీయండి, రంగులో సగం ఆ పొరలోనే ఉంటుంది.

2. లీటరు నీళ్లలో 2 గ్రాముల కె.ఎం.ఎస్. (స్క్వాష్‌లు నిల్వ ఉండటానికి వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్) కరిగించి పక్కన పెట్టుకోండి. జీడిని ముక్కలు కోసిన వెంటనే అందులో పడేయండి. ఇనుప కత్తిపీట మీద కోయకండి. టానిన్, ఇనుము కలిస్తే సిరాలా నల్లబడుతుంది, ఆ నలుపు ఇక వదలదు. స్టెయిన్‌లెస్ చాకు వాడండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ నీళ్ల దగ్గరికి రాకపోవడం మంచిది, ఆ వాసన ఊపిరి పట్టేస్తుంది.

3. రాత్రంతా నానాక ఆ నీళ్లు పారబోసి, కొత్త కె.ఎం.ఎస్. నీళ్లతో మిక్సీలో మెత్తగా రుబ్బండి. రుబ్బేటప్పుడు వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పండి.

4. పలుచని నూలు గుడ్డలో పిండండి. మిగిలిన పిప్పిని ఇంకోసారి నీళ్లు పోసి రుబ్బి పిండితే ఇంకొంత పిండి దిగుతుంది.

5. పాలలాంటి నీళ్లను నాలుగైదు గంటలు కదపకుండా ఉంచండి. ఎండాకాలంలో పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అడుగున తెల్లటి పొర, దాని పైన లేత గోధుమరంగు మెత్తటి పొర కనిపిస్తాయి. నీళ్లు వంపి, పై పొరను స్పూన్‌తో జాగ్రత్తగా గీకి తీసేయండి. తెల్లది కూడా పోతుందేమోనని ఆ గోధుమరంగును ఉంచేసుకుంటారు చాలామంది. వద్దు, పోతే పోనివ్వండి. అదే ఉంచుకుంటే చివరికి పొడి మొత్తం మాసిన రంగులో వస్తుంది.

6. కొత్త నీళ్లు పోసి, కలిపి, తేర్చి, పై పొర గీకడం నాలుగైదు సార్లు చేయండి. ఎప్పుడు ఆపాలంటే: పైన తేరిన నీళ్లలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసినా నీలినలుపు రాకపోతే టానిన్ పోయినట్టే. ఈ పరీక్షకు కె.ఎం.ఎస్. లేని ఉత్త నీళ్లతో కడిగిన నీళ్లు తీసుకోండి.

7. ప్లాస్టిక్ ట్రేలో ఆరబెట్టండి. పొడి వేళ్లకు జిడ్డుగా తగిలితే కొవ్వు మిగిలి ఉంది. అలాంటిది నెలల తరబడి ఉంచితే కనరు వాసన వస్తుంది, త్వరగా వాడేయండి.

దీన్ని 100 గ్రాములు ఒక్కసారిగా యాసిడ్‌లో వేయకండి. 20 గ్రాములతో మొదలుపెట్టండి, యాసిడ్ నీళ్లు 30 మి.లీ. మొదటి మెట్టు, అంటే ఎక్కడ ఉడుకుతుందో చూడటం, కచ్చితంగా చేయాలి. జోడీ డబ్బాలో కూడా మామిడి స్టార్చే ఉండాలి. దాన్ని కార్న్‌ఫ్లోర్‌తో పోలిస్తే ఏమీ తేలదు.

యాసిడ్ దొరకదు, వెనిగర్ చాలా?

చాలదు. వెనిగర్‌లో పనిచేసే ఆమ్లత్వం మనం వాడే యాసిడ్‌లో వందో వంతు కూడా ఉండదు. నిమ్మరసం కూడా అంతే. అంతసేపు ఉంచితే పిండి పులుస్తుంది తప్ప పలుచబడదు.

యాసిడ్ లేకుండానే కావాలంటే డెక్స్‌ట్రిన్ చేసుకోవచ్చు. కవర్లు అతికించే పాత జిగురు అదే. కార్న్‌ఫ్లోర్‌ను ముందు 100 డిగ్రీల్లో గంటసేపు బాగా ఆరబెట్టి, ఓ.టి.జి. ఓవెన్‌లో పళ్లెం మీద వేలెడు మందం కూడా లేకుండా పరిచి, 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలకోసారి కలుపుతూ రెండు గంటల పైన వేయించండి. లేత గోధుమరంగు రావాలి. చిటికెడు తీసి నీళ్లలో వేస్తే చాలావరకు కరగాలి, చల్లటి అయోడిన్ పరీక్షలో నీలం పోయి ఊదా లేదా ఎర్రటి గోధుమరంగు రావాలి. కలిపేటప్పుడు పొడి గాల్లోకి లేవనివ్వకండి. గాల్లో తేలే స్టార్చ్ ధూళికి మంట తగిలితే భగ్గుమంటుంది. గ్యాస్ స్టవ్ మీద బాణలిలో చేయడం నాకు ఇష్టం లేదు. ఒకచోట మాడుతుంది, ఇంకోచోట పచ్చిగా ఉంటుంది, పక్కనే మంట ఉంటుంది.

బ్లీచ్‌తో ఆక్సిడైజ్డ్ స్టార్చ్ చేసే పద్ధతీ ఉంది, కాగితం మిల్లుల్లో వాడతారు. గైడ్ టీచర్, ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగే ల్యాబ్ ఏర్పాటు) లేకుండా దాని జోలికి వెళ్లకండి. ఇక అసిటిలేటెడ్ స్టార్చ్. సాస్, మయోనీస్ ప్యాకెట్ల మీద ఐ.ఎన్.ఎస్. 1422 అని చూసి అదే చేయాలనుకుంటారు. దానికి కావాల్సిన అసిటిక్ అన్‌హైడ్రైడ్ మాదకద్రవ్యాల చట్టం కింద 2013 ఉత్తర్వుతో నియంత్రణలో ఉన్న రసాయనం. రిజిస్ట్రేషన్ లేకుండా కొనడం, ఉంచుకోవడం నేరం. ప్రాజెక్టు టాపిక్ ఎంచుకునేటప్పుడే ఈ విషయం మీ గైడ్‌తో మాట్లాడండి.

వాడటం, దాచడం

నూలు చీరకైతే లీటరు నీళ్లకు 25 గ్రాముల పొడి. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మరిగించి ఐదు నిమిషాలు ఉంచాలి. వేడినీళ్లలో నేరుగా పొడి చల్లితే ఉండలు కడుతుంది, అది ఏ పిండికైనా తప్పదు. మగ్గం పడుగుకైతే 80 గ్రాముల దాకా వెళ్లొచ్చు, మీరు మామూలుగా వేసుకునే నూనె చుక్కలు అలాగే వేయండి. బియ్యం గంజికి అలవాటు పడినవాళ్లు ఇక్కడ తడబడతారు: ఈ గంజి చల్లారితే గడ్డ కడుతుంది. వేడిగా, కనీసం గోరువెచ్చగా ఉండగానే పడుగుకు పట్టించాలి. గిన్నెను వేడినీళ్ల పాత్రలో పెట్టుకుని బ్రష్ ముంచుకోండి. గడ్డ కట్టిపోతే మళ్లీ మరిగించి వాడండి. మిగిలిన గంజిని మర్నాటికి ఉంచకండి, బూజు పడుతుంది.

ముందు మూరెడు నూలు మీద వేసి చూడండి. ఆరాక వేలికి చుట్టి విప్పితే పొడి రాలకూడదు. రాలుతుంటే గంజి చిక్కదనం తగ్గించండి, లేదా తర్వాతి బ్యాచ్‌ను యాసిడ్‌లో తక్కువసేపు ఉంచండి.

పొడిని గాలి చొరబడని డబ్బాలో పెట్టి తేదీ, పిండి రకం, ఎన్ని గంటలు ఏ వేడిలో ఉంచారు, సిరంజిలో ఎన్ని సెకన్లు వచ్చింది అన్నీ డబ్బా మీదే రాయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ నెలల్లో ఆరబెట్టడం పెద్ద టెన్షన్. ఫ్యాన్ కింద రెండు రోజులు పెట్టినా తేమ వదలదు. వీలైతే జీడి స్టార్చ్ తీసే పనీ, యాసిడ్ పనీ రెండూ జూన్, జూలైలోనే ముగించుకోండి. తప్పనిసరై ఆ వానల నెలల్లో చేయాల్సి వస్తే ఒక్కో ట్రేలో 50 గ్రాములకు మించి పరచకండి, మొదటిరోజు గంటకోసారి చేత్తో కలుపుతూ ఉండండి. ముట్టుకుంటే చల్లగా తగులుతున్నంతసేపు లోపల ఇంకా నీళ్లున్నట్టే.